సార్క్ దేశాలన్నిటికీ యూరో లాంటి ఒకే కరెన్సీ ఉంటే మంచిదా? శ్రీలంక లాంటి చిన్న దేశం అందుల చేరాల్నా వద్దా?

అచ్చంపేట దిక్కు నుంచి గ్రూప్స్‌కు చదువుకుంటున్న ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. యూరోప్‌ల ఇరవైకి పైన దేశాలు ఒకే నోటు వాడుకుంటున్నప్పుడు మన ఇండియా, బంగ్లాదేశ్, శ్రీలంక, నేపాల్ అన్నీ కలిసి ఒకే కరెన్సీ ఎందుకు పెట్టుకోవద్దు, అట్ల ఉంటే 2022ల శ్రీలంక పడ్డ తిప్పలు పడకపోవు గదా అని.

సూటిగ జవాబు: ఇప్పుడున్న పరిస్థితిల చేరొద్దు. శ్రీలంకకే కాదు, బంగ్లాదేశ్‌కు కూడా, ఆ మాటకొస్తే మనకు కూడా అది మేలు చెయ్యదు. ఒకే కరెన్సీ అనే ఆలోచనే తప్పు అని నేను అంటలేను, కొన్ని దేశాలకు మంచిగనే పనికొచ్చింది, వాటి సంగతి కింద రాస్త. కానీ కరెన్సీ కలపాల్నంటే దానికంటే ముందు కలవాల్సినవి రెండున్నయ్. పని వెతుక్కుంట మనిషి ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోగలగాలె. కాలం గాని దేశానికి కాలమైన దేశం నుంచి పైసలు రావాలె. ఈ రెండూ లేకుండ నోటు ఒక్కటి కలిపితే చిన్న దేశం ఇరుక్కుంటది.

నేను 33 ఏండ్లు బ్యాంకుల చేసిన. మొదట్ల పాలమూరు జిల్లా పల్లెల్ల ఫీల్డ్ ఆఫీసర్‌గ, తర్వాత నల్లగొండల, చివరి పదేండ్లు హైదరాబాద్‌ల ఫారెక్స్ డెస్క్ మీద, అంటే బయటి దేశాల పైసల మార్పిడి చూసే కాడ. ఈ రెండు రకాల పని చేసినందుకే నాకు ఈ ప్రశ్న మీద ఇంత పట్టింపు, అందుకే జర పొడుగ్గ రాస్తున్న, ఓపికతోని చదువు.

మొదలు లాభం సంగతి చెప్పాలె. మా అమ్మమ్మ వాళ్ళ ఊరు వాడపల్లి దగ్గర, కృష్ణ ఒడ్డుకు. ఇవతలి ఒడ్డు నిజాం రాజ్యం, అవతలి ఒడ్డు గుంటూరు జిల్లా, ఇంగ్లీషోళ్ళ పాలన. ఇవతల హాలి సిక్కా, అవతల కల్దార్. మా తాత ఎడ్లు అమ్మనీకి పడవల దాటి పోతే అక్కడ కల్దార్ రూపాయలిస్తరు, వాపస్ వచ్చినంక షరాబు దగ్గర మార్చుకోవాలె, వాడు వట్టం పట్టుకుంటడు. సర్కారు లెక్క 7 హాలి రూపాయలకు 6 కల్దార్, కానీ షరాబు చేతికొచ్చేటాళ్ళకు ఆ లెక్క ఎన్నడూ పూర్తిగ రాకపోయేదని మా తాత చెప్పేది. హైదరాబాద్ రాజ్యం 1918 నుంచి సొంత కాగితం నోట్లు కూడా కొట్టుకున్నది. 1948ల రాజ్యం ఇండియాల కలిసినంక, 1950ల ఇండియన్ రూపాయి వచ్చింది, హాలి సిక్కా చెలామణి 1959 దాకా ఉండి బంద్ అయింది. నది దాటినప్పుడల్లా కట్టే వట్టం పోయింది. ఒకే కరెన్సీ ఇచ్చే లాభం అచ్చం ఇదే. మార్పిడి ఖర్చు పోతది, రేపు రేటు ఎట్ల ఉంటదో అన్న బుగులు పోతది, వ్యాపారం పెరుగుతది. ఈ లాభం నిజమే, కానీ దాని సైజు ఎంతో కూడా చూడాలె. యూరో రాకముందు 1990ల యూరోపియన్ కమిషన్ వేసిన లెక్క ప్రకారం మార్పిడి ఖర్చుల మిగిలేది జీడీపీల పావు శాతం నుంచి అర శాతం వరకే. అది కూడా వాళ్ళ వ్యాపారంల సగానికంటే ఎక్కువ వాళ్ళల్ల వాళ్ళకే ఉండంగ. మన సార్క్ దేశాల మధ్య నడిచే వ్యాపారం మొత్తం వ్యాపారంల 5 శాతం అటూ ఇటూ. అంటే మనకు మిగిలే వట్టం ఇంకా చిన్నది.

ఇగ పోగొట్టుకునేది ఏందో చూద్దాం, అసలు సంగతి ఇక్కడున్నది.

మన చెరువులకు అలుగు ఎందుకు పెట్టిండ్రు? పెద్ద వాన పడి నీళ్ళు ఎక్కువైతే అలుగు మీదికెళ్ళి పోతయ్, కట్ట నిలబడ్తది. అలుగు మూసేసి కట్ట ఎంత గట్టిగ పోసినా ఏదో ఒక రాత్రి తెగుతది. దేశానికి మారకం రేటు అలుగు లాంటిది. ఎగుమతులు పడిపోయినయ్, అప్పులు మీద పడ్డయ్ అనుకో, రూపాయి విలువ జర దిగుతది, బయటి సామాను పిరమైతది, మన సామాను బయటోనికి సస్తగ దొరుకుతది, నష్టం అందరి మీద తలా ఇంత పడి మెల్లగ సర్దుకుంటది. సొంత కరెన్సీ లేకపోతే ఆ సర్దుబాటు జీతాలు కోసి, కొలువులు పీకి, పింఛన్లు తగ్గించి చెయ్యాలె.

2013ల ఇది నా టేబుల్ మీదనే చూసిన. మే మొదట్ల డాలర్ 54 దగ్గరుండే, ఆగస్టు ఆఖరుకు 68 దాటింది. నల్లగొండ దిక్కు జిన్నింగ్ మిల్లు నడిపే ఒకాయన బంగ్లాదేశ్‌కు పత్తి బేళ్ళు డాలర్లల్ల అమ్మిండు, ఆయనకు అనుకున్నదానికంటే మస్తు ఎక్కువ రూపాయలు చేతికొచ్చినయ్, ఆ పైసలతోనే మళ్ళ సీజన్‌కు పత్తి కొన్నడు. అదే వారం మిర్యాలగూడ రైస్ మిల్లాయన ఒకరు వచ్చిండు, కలర్ సార్టర్ మిషన్ డాలర్ల బయ్యర్స్ క్రెడిట్ మీద, అంటే దిగుమతికి ఇచ్చే డాలర్ అప్పు మీద తెప్పించి, రేపటి రేటు ముందే ఖాయం చేసుకునే ఫార్వర్డ్ కవర్ తీసుకోలే, ఆయనకు కట్టాల్సిన బాకీ పావు వంతు పెరిగింది. ఆ రోజు ఆయన మొఖం నాకు ఇప్పటికీ యాదికున్నది. కాబట్టి రూపాయి పడితే అందరికీ మంచిదే అని నేను ఎన్నడూ చెప్ప. కానీ రెండు నెలల్ల దిగుమతులు తగ్గినయ్, బంగారం కొనుడు తగ్గింది, డిసెంబర్ నాటికి రేటు 62 చుట్టు కుదురుకున్నది. అలుగు పారింది, కట్ట నిలబడ్డది.

ఇప్పుడు గ్రీస్ చూడు. 2001ల యూరోల చేరింది. జర్మనీకి ఎంత వడ్డీకి అప్పు పుడ్తదో దాదాపు అంతకే గ్రీస్‌కు కూడా పుట్టింది, బాగ తీసుకున్నరు. 2009 ఆఖర్ల కొత్త ప్రభుత్వం వచ్చి పాత లెక్కలు తప్పు, లోటు చెప్పినదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువున్నదని బయటపెట్టింది. సొంత డ్రాక్మా ఉంటే విలువ పడేది. యూరోల ఉన్నరు కాబట్టి పడనీకి ఏం లేదు, నోటు కొట్టే మిషన్ ఫ్రాంక్‌ఫర్ట్‌ల ఉన్నది. 2010ల 110 బిలియన్ యూరోల అప్పు, దాని వెనక షరతులు, మళ్ళ 2012ల, మళ్ళ 2015ల. ఎకానమీ నాలుగో వంతు కరిగిపోయింది. 2013ల పని దొరకనోళ్ళు 27 శాతం దాటిండ్రు. 2015 జూన్ ఆఖర్ల బ్యాంకులు మూడు వారాలు మూసిండ్రు, ఏటీఎంల రోజుకు 60 యూరోలే. మనం 2016 నవంబర్ల నిలబడ్డట్టే పింఛన్ ముసలోళ్ళు బ్యాంకు గేట్ల ముంగట నిలబడ్డరు.

అదే టైంల ఐస్‌లాండ్. 2008 అక్టోబర్ల దాని మూడు పెద్ద బ్యాంకులూ ఒక్క వారంల కూలినయ్. సొంత కరెన్సీ క్రోనా, విలువ దాదాపు సగానికి పడ్డది. జనం బాధపడలేదా అంటే మస్తు పడ్డరు, ధరలకు ముడిపెట్టిన ఇంటి లోన్ల కిస్తీలు పెరిగినయ్, పైసలు దేశం దాటకుండ పెట్టిన ఆంక్షలు పూర్తిగ ఎత్తేసే వరకు 2017 వచ్చింది. అయినా చేపల ఎగుమతి నిలబడ్డది, సస్త అయిందని టూరిస్టులు పోటెత్తిండ్రు, గ్రీస్ లెక్క పదేండ్లు మంచం పట్టలే.

మరి ఒకే కరెన్సీల ఉన్నా బతికిన ప్రాంతం లేదా? ఉన్నది, మన పాలమూరే.

ఇది పుస్తకాలల్ల ఉండదు కాబట్టి జర మంచిగ చెప్త. పాలమూరు, బొంబాయి రెండూ ఒకే రూపాయి వాడుతయ్. బొంబాయి ఎకానమీ వేరే, మనది వేరే. రిజర్వ్ బ్యాంకు వడ్డీ రేటు పెట్టేటప్పుడు నారాయణపేటల వాన పడిందా లేదా అని చూడదు. 2002ల పెద్ద కరువు వచ్చినప్పుడు నేను అక్కడి బ్రాంచ్‌ల ఉన్న. కంది ఎండింది, ఆముదం ఎండింది, బోర్లు ఒట్టిపోయినయ్. పాలమూరుకు సొంత కరెన్సీ ఉంటే విలువ పడి ఏదో సర్దుబాటు అయ్యేదేమో, లేదు గదా. అప్పుడు ఏమైంది? మనుషులు కదిలిండ్రు. దసరా పోయినంక మేస్త్రీల దగ్గర అడ్వాన్స్ తీసుకొని, ముసలోళ్ళను పిల్లలను ఇంటికాడ విడిచిపెట్టి బొంబాయి బస్సు ఎక్కిండ్రు, పూణే పోయిండ్రు, డ్యాముల పనికి పోయిండ్రు. నేను రికవరీకి తండాలకు పోతే సగం ఇండ్లకు తాళాలు. తాళం లేని ఇంట్ల ముసలమ్మ బయటికొచ్చి, కొడుకు బొంబాయి నుంచి పంపుతడు సారూ, సంక్రాంతికి కడ్తం అనేది. చాలమంది కట్టిండ్రు కూడా. మా బ్రాంచ్‌ల ఆ ఏడు వసూలైన పైసల్ల పెద్ద భాగం ఊర్ల పండినవి కావు, బొంబాయి బిల్డింగుల మీద సంపాయించినవి.

రాబర్ట్ ముండెల్ అనే కెనడా ఎకనామిస్టు 1961లనే ఈ సంగతి రాసిండు. మనుషులు పనికోసం అటు ఇటు తిరిగే ప్రాంతం ఎంతవరకు ఉంటదో అంతవరకే ఒక కరెన్సీ నప్పుతది అని. 1999ల ఆయనకు నోబెల్ వచ్చింది. నేను డిగ్రీల ఆ పాఠం చదివి పాసైన, కానీ అర్థమైంది మాత్రం ఆ తాళాలు చూసినప్పుడే. వలస ఎంత బాధో నాకు తెల్సు, పిల్లల చదువులు పాడైనయ్, మేస్త్రీల చేతుల మోసపోయినోళ్ళు ఎందరో. దాన్ని నేను గొప్పగ చెప్పుతలేను. కానీ ఆ బస్సు కూడా లేకపోతే ఏమైతుండెనో ఆలోచించు. గ్రీస్ మనిషికి జర్మనీకి పోయే హక్కున్నది, భాష రాదు, అయినా లక్షల మంది పోయిండ్రు. బంగ్లాదేశ్ కూలాయన ఇండియాకు, శ్రీలంకాయన కరాచీకి పనికి పోయే హక్కు ఈ రోజు లేదు, రేపు వచ్చే సూచన కూడా లేదు. ముళ్ళ కంచె వేసుకున్న సరిహద్దుల మీద ఒకే నోటు ఎట్ల నడుస్తది?

రెండోది సంచి, అంటే అందరి పన్నులు పడే ఉమ్మడి ఖజానా. 2006 ఫిబ్రవరిల ఉపాధి హామీ మొదలైనప్పుడు మొదటి దశలనే మహబూబ్‌నగర్, నల్లగొండ రెండూ ఉన్నయ్. ఆ కూలి పైసలు ఎక్కడికెళ్ళి వచ్చినయ్? ఢిల్లీకెళ్ళి, అంటే బొంబాయి, చెన్నై, గుజరాత్ కట్టిన పన్నులకెళ్ళి. 2021 నుంచి 2026 దాకా కేంద్రం పంచే పన్నుల్ల 41 శాతం రాష్ట్రాలకు పోవాలని పదిహేనో ఫైనాన్స్ కమిషన్ చెప్పింది, వెనకబడ్డ రాష్ట్రానికి ఎక్కువ వాటా. గొలుసుకట్టు చెరువుల్ల పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండినట్టు. యూరోపియన్ యూనియన్ ఉమ్మడి బడ్జెట్ దాని మొత్తం ఆదాయంల 1 శాతం అటూ ఇటూ. గొలుసు ఉన్నది గానీ కాలువ సన్నం. అందుకే గ్రీస్‌కు సాయం కాదు, అప్పు వచ్చింది.

సంచి ఒకటి చేసుకుంటే కొట్లాటలు ఎట్లుంటయో మన తెలంగాణోళ్ళకు వేరే ఎవ్వరూ చెప్పాల్సిన పని లేదు. 1956ల ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డప్పుడు తెలంగాణ మిగులు నిధులు తెలంగాణలనే ఖర్చు పెట్టాలని పెద్దమనుషుల ఒప్పందంల రాసుకున్నరు. పెట్టలేదని 1969ల ఉద్యమం లేచింది, ఆ లెక్క తేల్చనీకి కుమార్ లలిత్ కమిటీ, జస్టిస్ భార్గవ కమిటీ వేసిండ్రు. ఒకే భాష, ఒకే రాష్ట్రం, అయినా ఎవని పైసలు ఎవడు తిన్నడన్న పంచాయితీ 2014 దాకా పోయింది. ఇగ ఇండియా, పాకిస్తాన్, బంగ్లాదేశ్ ఒక సంచిల చెయ్యి పెడ్తయని అనుకోగలమా?

వడ్డీ రేటు ఎవరు పెడ్తరు అనేది ఇంకో చిక్కు. 2003 జూన్ నుంచి 2005 డిసెంబర్ దాకా యూరోప్ కేంద్ర బ్యాంకు రేటు 2 శాతమే పెట్టింది, అప్పుడు జర్మనీ నీరసంగ ఉండే, దానికి ఆ రేటు సరిపోయింది. ఐర్లాండ్, స్పెయిన్‌లు అప్పటికే ఉరుకుతున్నయ్, వాటికి అదే రేటు నిప్పుల్ల నెయ్యి పోసినట్టయింది, ఇండ్ల రేట్లు ఆకాశానికి పోయి 2008 తర్వాత కూలినయ్. మన దగ్గర దక్షిణాసియా ఎకానమీల ముప్పావు వంతు కంటే ఎక్కువ ఇండియాదే. ఓట్లు సైజు ప్రకారం ఇస్తే కొలంబో మాట చెల్లదు, సమానంగ ఇస్తే మనోళ్ళు ఒప్పుకోరు. పశ్చిమ ఆఫ్రికాల 'ఎకో' అనే ఉమ్మడి కరెన్సీ 2020ల వస్తదన్నరు, ఇప్పుడు 2027 అంటున్నరు, అక్కడ కూడా నైజీరియా ఒక్కటే మిగతా అందరికంటే పెద్దగుండుడు ఒక కారణం. గల్ఫ్ దేశాలు 2010కల్లా ఒకే కరెన్సీ అనుకున్నయ్, ఒమన్ ముందే తప్పుకున్నది, కేంద్ర బ్యాంకు రియాద్‌ల పెడ్తమనంగనే 2009 మేల యూఏఈ కూడా బయటికి వచ్చింది. పైసలకు కరువు లేనోళ్ళు, ఒకే భాష, ఒకే మతం, అయినా ఆఫీసు ఎక్కడన్న దగ్గరనే ఆగింది.

గల్ఫ్ అంటే ఇంకోటి యాదికొచ్చింది, మన పిల్లలకు ఇది చాలమందికి తెల్వదు. ఒకప్పుడు దుబాయ్, ఖతార్, బహ్రెయిన్‌లల్ల నడిచింది మన రూపాయే. బంగారం స్మగ్లింగ్‌తోని మన డాలర్లు కరుగుతున్నయని 1959ల రిజర్వ్ బ్యాంకు ఆ దేశాల కోసం వేరే గల్ఫ్ రూపాయి నోట్లు కొట్టింది. 1966 జూన్ 6న ఇండియా తన అవసరానికి రూపాయి విలువ తగ్గించింది, డాలర్ 4.76 నుంచి 7.50కి పోయింది. దుబాయ్ షేకులను ఎవరూ అడగలే. పొద్దున లేచేసరికి వాళ్ళ పెట్టెల్ల పైసల విలువ మూడో వంతు కంటే ఎక్కువ పోయింది. ఆ ఏడే ఖతార్, దుబాయ్ కలిసి సొంత రియాల్ పెట్టుకున్నయ్, కువైట్, బహ్రెయిన్ అంతకు ముందే జాగ్రత్త పడ్డయ్. అదే దెబ్బ 1994 జనవరిల ఫ్రాన్స్‌ కరెన్సీకి ముడిపడ్డ సీఎఫ్‌ఏ ఫ్రాంక్ వాడే ఆఫ్రికా దేశాలకు తగిలింది, రాత్రికి రాత్రి విలువ సగం. పక్కోని నోటు మీద బతికితే పక్కోని కష్టం కూడా మన ఇంట్లకు వస్తది.

ఎవరు చేరొచ్చు? క్రొయేషియా 2023 జనవరి 1న యూరోల చేరింది, నన్నడిగితే మంచి పనే చేసింది. యూరోప్ టూరిస్టుల మీద బతికే దేశం, జనం దాచుకున్న పైసలు, తీసుకున్న లోన్లు పెద్ద భాగం అప్పటికే యూరోలల్ల ఉన్నయ్. వాళ్ళ పాత కరెన్సీ కునా విలువ పడితే లోన్లు కట్టలేక జనమే మునుగుతుండె, అంటే వాళ్ళ అలుగు ఎప్పుడో పూడిపోయింది. బల్గేరియా కూడా అంతే, 1997ల ధరలు పేలిపోయినంక తన లెవ్‌ను జర్మన్ మార్కుకు కట్టేసింది, తర్వాత యూరోకు 1.95583 చొప్పున. ఇరవై ఎనిమిదేండ్లు ఆ రేటు కదలకుండ ఉండి 2026 జనవరి 1న చేరింది. కరీబియన్ చిన్న ద్వీపాలు ఎనిమిది కలిసి ఒకే డాలర్ వాడుతయ్, అమెరికా డాలర్‌కు 2.70 చొప్పున 1976 నుంచి అదే రేటు. ఒక్కొక్క ద్వీపం మన ఒక మండలమంత, సొంత కేంద్ర బ్యాంకు పెట్టుకునే శక్తి లేదు. ఇట్లాంటి దేశాలకు పోగొట్టుకునేది తక్వ, వచ్చేది ఎక్కువ.

శ్రీలంక దగ్గరికి వస్త. నీ వాదనల బలమున్న ముక్క ఏందంటే, సొంత కరెన్సీ ఉండి కూడా వాళ్ళు 2022 ఏప్రిల్‌ల అప్పులు ఎగ్గొట్టిండ్రు గదా, డాలర్ 200 నుంచి 360 దాకా పోయింది, ధరల పెరుగుదల ఆ సెప్టెంబర్‌ల 70 శాతం దగ్గరికి వచ్చింది. నిజమే. పన్నులు తగ్గించి, కేంద్ర బ్యాంకుతోని నోట్లు కొట్టించి, రేటును బలవంతంగ పట్టుకొని కూసున్నరు, అంటే అలుగును వాళ్ళే మూసిండ్రు, ఒక్కసారి తెగింది. కానీ దానికి మందు నోటు మార్చుడు కాదు, సర్కారు చేతికి నోట్ల మిషన్ ఇయ్యకుండుడు. 2023ల కొత్త సెంట్రల్ బ్యాంకు చట్టం చేసి సర్కారుకు నేరుగ అప్పిచ్చుడు బంద్ పెట్టిండ్రు, అది మంచి పని. క్రమశిక్షణ బయటికెళ్ళి వస్తదనుకుంటే యూరో రూల్స్‌ల లోటు జీడీపీల 3 శాతం, అప్పు 60 శాతం దాటొద్దని రాసున్నా గ్రీస్ అట్లెందుకైంది?

మరి వ్యాపారం సులువు కావాలంటే ఏం చెయ్యాలె అంటే, నోట్లు కలపకుండనే చాల చెయ్యొచ్చు. 2022 జూలైల రిజర్వ్ బ్యాంకు రూపాయలల్ల ఎగుమతి దిగుమతులు చేసుకోనీకి దారి తెరిచింది, 2023 జూలైల బంగ్లాదేశ్‌తోని రూపాయి వ్యాపారం మొదలైంది, 2024 ఫిబ్రవరిల శ్రీలంకల యూపీఐ వచ్చింది. మా డెస్క్ మీద ఢాకాకు పోయే ప్రతి బేలుకు రూపాయి నుంచి డాలర్, డాలర్ నుంచి టాకా అని రెండుసార్లు వట్టం పడేది. దాంట్ల ఒకటి పోయినా మిల్లోళ్ళకు, రైతుకు మిగుల్తది, ఎవరి అలుగూ మూసెయ్యక్కర లేదు.

ఒక్క నేపాల్ సంగతి మాత్రం వేరే, అది రాయకపోతే నా జవాబు సగమే అయితది. 1993 నుంచి 100 ఇండియా రూపాయలంటే 160 నేపాల్ రూపాయలు, ముప్పై ఏండ్లు దాటినా అదే రేటు. ఎందుకు నిలబడ్డదంటే 1950 ఒప్పందం ప్రకారం నేపాలీలు వీసా లేకుండ ఇక్కడికి వచ్చి పని చేసుకోవచ్చు. వాళ్ళ బొంబాయి బస్సు ఇండియాకే వస్తది. 2008ల రిజర్వ్ బ్యాంకు ఎన్‌ఈఎఫ్‌టీ మీద నేపాల్‌కు పైసలు పంపే పద్ధతి పెట్టినంక మా బ్రాంచ్‌కు ఒక అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ వచ్చేది, రెండు నెలలకోసారి పది వేలు ఇంటికి పంపేది. అక్కడ మా అమ్మకు ఎంతొస్తది సాబ్ అని ప్రతిసారి అడిగేది. డాలర్‌కు, దిర్హామ్‌కు అయితే నేను స్క్రీన్ చూసి చెప్పాలె. ఆయనకు మాత్రం తల ఎత్తకుండనే చెప్పేటోన్ని, పదహారు వేలు అని.